సూర్యలంకకు రెండు దారులు

మా తెనాలివారికి సముద్రము దూరపు చుట్టము కాదు. ప్రొద్దుననే బయలుదేరినచో మధ్యాహ్న భోజనమునకు ముందే చేరదగినంత దగ్గర. ఐనను దగ్గరనున్న దానిని చూచుటకే మనకు తీరిక చిక్కదు. కాశికిని రామేశ్వరమునకును పోయి వచ్చిన గృహిణులు మా వీధిలో పలువురు కలరు గాని, సూర్యలంక యిసుకలో ఒక రాత్రి కూర్చుండి వెన్నెల చూచితిమని చెప్పగలవారు ఇద్దరు ముగ్గురైనను లేరు. పుణ్యమునకైనచో ఇల్లు విడువవచ్చును. ఊరక సంతోషమునకై ఇల్లు విడుచుట ఆడుదానికి తగదని మన పెద్దలు నోటితో చెప్పకయే మనకు నేర్పిరి.

2024వ సంవత్సరమున కార్తిక పున్నమ నవంబరు 15వ తేది, శుక్రవారమునాడు వచ్చినది. పున్నమనాడు సూర్యలంక తీరమున స్నానములకు వచ్చు జనము నేల యీనినట్లుండును. ఆ సందడి తీరిన పిదప శని, ఆదివారములలో పోయి వత్తమని మేము నలుగురు స్నేహితురాండ్రము నిశ్చయించుకొంటిమి. నలుగురమును అరువది దాటినవారమే. ఒకామె వైద్యురాలు, కారు తానే నడుపును. ఒకామె బ్యాంకిలో పనిచేసి విరమించినది. నేనొక బడిలో తెలుగు చెప్పితిని. నాలుగవ యామె అదే బడిలో లెక్కలు చెప్పినది. ఆమెను ఇందు లెక్కల పంతులమ్మ యనియే వ్రాసెదను. నాకంటె రెండేండ్లు చిన్నది. నన్ను ‘అక్కా’ యని పిలుచును. 1981వ సంవత్సరమునుండి మాకు స్నేహము.

ఈ ప్రయాణమునకు మా యిండ్లలో ఎదురైన మొదటి ప్రశ్న ‘డ్రైవరు లేకుండానా?’ యనునది. వైద్యురాలు ముప్పది యేండ్లుగ అర్ధరాత్రివేళ కాన్పులకు ఒంటరిగనే కారు నడుపుకొని పోవుచున్నది. అప్పుడెవ్వరును ఆ ప్రశ్న వేయలేదు. పనికి పోవు ఆడుదానికి భయము లేదు, వేడుకకు పోవు ఆడుదానికే భయము కాబోలు! రెండవ ప్రశ్న ‘ఇక్కడ వంట?’ యనునది. నేను శుక్రవారము రాత్రి పదునొకండు గంటల వరకు పొయ్యికడ నిలిచి, రెండు దినములకు సరిపడు పప్పును కూరలను పచ్చడిని చేసి ఫ్రిజ్జిలో పెట్టి, ఏ గిన్నెలో ఏమున్నదో కాగితముపై వ్రాసి దాని తలుపునకు అంటించితిని. ఉద్యోగమునుండి విరమించి చాల యేండ్లయినది గాని, వంటింటినుండి విరమించు వయస్సును ఏ ప్రభుత్వమును ఇంకను నిర్ణయింపలేదు.

స్త్రీలకు సెలవు కావలయునని ఒక వ్యాసము వ్రాయవలెననుకొనుచునే నేను కారెక్కితిని. ఇంటికి తిరిగి వచ్చునప్పటికి నా విషయము మారిపోయినది.

తెనాలినుండి సూర్యలంకకు తిన్నని దారి పొన్నూరు, బాపట్లల మీదుగ పోవును. పోవునప్పుడు ఆ దారి వద్దనియు, వేమూరు, భట్టిప్రోలు, చెరుకుపల్లి, చందోలు, కర్లపాలెముల మీదుగ చుట్టు తిరిగి పోవుదమనియు వైద్యురాలు పట్టుపట్టెను. తిరిగి వచ్చునప్పుడు పొన్నూరు దారిని వచ్చుటకు ఒడంబడితిమి.

మా పట్టణము నడుమ మూడు కాలువలు పారును. 1852లో ఆరంభించి 1855 నాటికి బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట కట్టిరి. దాని బదులు 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. ఆ నీటితో పెరిగిన సీమ యిది. ఊరు దాటి కాలువకట్ట యెక్కగనే కారు అద్దములు దింపించితిమి. లేత యెండ, నీటిపై పలుచని మంచు, కట్టవెంట తుమ్మలు, తాళ్లు. ఇరుప్రక్కల వరిచేలు కంకి బరువునకు వంగి పసుపు తిరుగుచుండెను. అక్కడక్కడ అరటితోటలు, కందచేలు. ఈ ప్రాంతమున కోతకు ముందే వరిచేలలో మినుములు చల్లుదురు. వరి కోసిన తరువాత నేలలో మిగిలిన తేమతోనే ఆ పైరు పండును. ఒక పంట తన నీడలో మరియొక పంటకు చోటిచ్చి తాను తప్పుకొనుట చూచుటకు ముచ్చటగ నుండును.

బ్యాంకినుండి విరమించినామె కాలువను చూచి, “ఎంత చల్లటి తల్లి!” అనెను. లెక్కల పంతులమ్మ నవ్వి, “పొలంలో ఉన్నంతసేపూ తల్లే. ఊరి చెరువులోకి చేరేసరికి సవతితల్లి అయ్యేది. మా చిన్నప్పుడు చెరువుకట్ట దిగువన కడవ పెట్టుకుని, ఎవరైనా తోడి పోస్తారేమోనని నిలబడేవాళ్లం,” అనెను. కోపముతో నన్నమాట కాదు. వాన వచ్చునని చెప్పినట్లు చెప్పెను. మాలో ఎవరికిని బదులు తోచలేదు.

భట్టిప్రోలు స్తూపముకడ కొంతసేపు ఆగితిమి. 1892లో అలెగ్జాండరు రీ యనునతడు ఈ దిబ్బను త్రవ్వింపగా రాతిపెట్టెలును, వానిలో ధాతువుల భరిణెలును బయల్పడినవి. పెట్టెలమీద క్రీస్తునకు పూర్వపు బ్రాహ్మీ అక్షరములు. వానియందు కుబేరకుడను రాజుపేరును, దానము చేసినవారి పేర్లును కలవు. తెలుగునేలపై దొరికిన మిక్కిలి పాత వ్రాతలలో ఇవి చేరినవి. ఆ త్రవ్వకములకు ముందే దిబ్బలోని ఇటుకలను రాళ్లను బాటలకును కాలువపనులకును తరలించుకొనిపోయిరి. ఆ సంగతి నేను చెప్పగా వైద్యురాలు, “బుద్ధుడి ధర్మం మన ఊళ్లదాకా వచ్చింది. మనం ఇటుకలు మాత్రం తీసుకున్నాం,” అనెను. అందరమును నవ్వితిమి.

చెరుకుపల్లి దాటి, ఒకప్పుడు వెలనాటి చోడుల రాజధానియైన చందోలు దాటి, కర్లపాలెము దిక్కునకు పోవుకొలది నల్లరేగడి పలుచబడి యిసుకనేల తోచినది. వరి వెనుకబడి సరుగుడుతోపులును తాటివనములును కనుపించుచుండెను. సముద్రపు గాలి తగిలినది. బాటప్రక్కనొక టీ దుకాణముకడ దిగితిమి. దుకాణము పెద్దాయన “ఏమ్మా, ఎందాక?” యని ఆదరముతో పలుకరించి, నాలుగు గాజుగ్లాసులలో టీ పోసి యిచ్చెను. లెక్కల పంతులమ్మ తన గ్లాసు నందుకొని, త్రాగుటకు ముందు బొటనవ్రేలితో దాని అంచును చుట్టును తడవి చూచి, ఒక వైపు త్రిప్పుకొని త్రాగెను. వైద్యురాలు చూచి, “అదేమిటి?” అనెను.

“ఏం లేదు, అలవాటు,” అని ఆమె నవ్వెను.

నేను నవ్వలేదు. ఆ యలవాటు ఎక్కడ పట్టుబడినదో మా నలుగురిలో ఇద్దరికే తెలియును. చదువరులకు గూడ ఆ సంగతి చెప్పనిదే ఈ ప్రయాణము ముందునకు సాగదు.

మా యత్తగారు చెడ్డమనిషి కారు. బిచ్చమునకు వచ్చినవారిని ఉత్తచేతులతో పంపి యెరుగరు. లెక్కల పంతులమ్మ తొలిసారి మా యింటికి వచ్చినప్పుడు, “చదువుకున్న పిల్ల, ఎంత అణకువ!” అని మెచ్చుకొనిరి. మెచ్చుకొనుచునే ఆమెకు కాఫీ, వసారా గూటిలో బోర్లించియున్న గాజుగ్లాసులో ఇప్పించిరి. మా కందరికిని స్టీలు గ్లాసులు. ఆ గ్లాసు ఆ గూటిలోనిది, ఆ గూడు ఆ గ్లాసుది. రెండింటిని గూర్చి మాటాడవలసిన పని యెవ్వరికిని లేదు. త్రాగినవారు తామే కుళాయికడ కడిగి మరల బోర్లించి పోవలయును. పదుమూడేండ్లు ఆమె అట్లే చేసెను. నేను చూచుచునే యుంటిని. తరగతిలో 1941లో వెలువడిన జాషువాగారి ‘గబ్బిలము’ను గూర్చి చెప్పునప్పుడు నా గొంతు బొంగురుపోయెడిది, పిల్లలు కన్నీరు పెట్టుకొనెడివారు. సాయంకాలము ఇంటికి వచ్చి ఆ గూటిని చూచియు ఊరకుండెడిదానను. అత్తగారి యిల్లు, అత్తగారి గ్లాసు, నేనేమి చేయగలనని సమాధానము చెప్పుకొంటిని.

1994లో మా యత్తగారు పోయిరి. కర్మలు ముగిసిన కొన్నాళ్లకు లెక్కల పంతులమ్మ పలుకరింప వచ్చినది. ఇంట నడ్డుచెప్పువారెవ్వరును లేరు. నేనే కాఫీ కలిపితిని. నా చేయి తిన్నగ వసారా గూటివైపు పోయినది. ఆ గ్లాసునే తీసి, దానిలోనే పోసి, ఆమె చేతికిచ్చితిని. ఇచ్చిన తరువాతగాని నేనేమి చేసితినో నాకు తెలియలేదు. తెలిసిన తరువాతనైనను నోరు విప్పలేదు. ఆమె త్రాగి, కడిగి, గూటిలో బోర్లించి పోయెను. మరల మా గడప త్రొక్కలేదు. బడిలో కలిసికొంటిమి, సభలలో కలిసికొంటిమి, పెండ్లిపందిళ్లలో కలిసికొంటిమి. “మా యింటికి ఎందుకు రావు?” అని ముప్పది యేండ్లలో ఒక్కమారైనను నేనడుగలేదు. అడిగినచో చెప్పునని నా భయము.

బాపట్ల చేరితిమి. భావనారాయణస్వామి పేర వెలసిన యీ ఊరిలోనే 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది. తెలుగువారందరు ఒక్కటి కావలయునని అక్కడ తలపెట్టిరి. అక్కడినుండి తొమ్మిది కిలోమీటర్లలో సూర్యలంక. మధ్యాహ్నము సరుగుడుతోపు నీడలో మా డబ్బాలు విప్పితిమి. నేను తెచ్చిన పులిహోర, వైద్యురాలు తెచ్చిన దద్దోజనము, లెక్కల పంతులమ్మ తెచ్చిన గోంగూర పచ్చడియు వంకాయకూరయు. గోంగూర ముద్ద నోట పెట్టుకొన్న తరువాత నాకు స్ఫురించినది: నలువది మూడేండ్ల స్నేహములో ఆమె చేతివంట తినుట నాకదియే మొదలు. బడిలో సయితము ఎవరి డబ్బా వారిదే. పచ్చడి మిక్కిలి రుచిగ నుండెను. ఆ మాట చెప్పుటకు సిగ్గుపడితిని, చెప్పితిని.

ప్రొద్దుగ్రుంకిన కొంతసేపటికే చంద్రుడు సముద్రములోనుండి లేచెను. పున్నమ వెళ్లిన మరునాటి చంద్రుడు, ఎఱ్ఱగా రాగిపళ్లెమువలె నుండి క్రమముగ తెల్లనయ్యెను. ఆ తీరము చదునుగ, పొడుగుగ నుండును. అల విరిగిన తరువాత చాలదూరము పలుచని నీరై ప్రాకివచ్చి పాదములు తాకి మరలును. ఇంత శాంతముగ నున్న యీ నీరే 1977 నవంబరు 19న ఉప్పెనయై దివిసీమను బాపట్ల ప్రాంతమును ముంచి వేలమందిని పొట్టను బెట్టుకొనినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరము దాటినదియు బాపట్లకడనే. సముద్రము దయ చూపినను చూపకపోయినను ఎవ్వరి కులమును అడిగి చూపదు.

వైద్యురాలును బ్యాంకియామెయు నీటి అంచున నడువబోయిరి. మేమిద్దరమును ఇసుకలో కూర్చుంటిమి. లెక్కల పంతులమ్మ తానుగనే మాటాడసాగెను.

“మా నాయనమ్మ నన్ను మొదటిసారి కార్తీకస్నానానికి ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అంతమంది మధ్య మునిగాం. పక్కన ఎవరు మునుగుతున్నారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ‘ఇన్ని నీళ్లు ఎవరివి నాయనమ్మా?’ అని అడిగాను. ‘ఎవరివీ కావు, అందుకే వచ్చాం’ అంది.”

నేను చాలసేపటికి, “ఆ గ్లాసు...” అని మాత్రము అనగలిగితిని.

“అంచు ఒకచోట పగిలి ఉండేది,” అని ఆమె మెల్లగ ననెను. “మొదటి రోజే పెదవి తెగింది. తరువాత ఏ వైపునుంచి తాగాలో నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎక్కడ గ్లాసు ఇచ్చినా వేలు అంచు మీదికి పోతుంది.”

“మా అత్తగారు...”

“మీ అత్తగారు ఇచ్చినన్నాళ్లూ నాకంత కష్టమనిపించలేదక్కా. పెద్దావిడ, ఈ వయసులో మారదులే అనుకున్నాను. ఆవిడ పోయాక ఆ రోజు నేను నిన్ను పలకరించడానికి మాత్రమే రాలేదు. నీ చేత్తో స్టీలుగ్లాసులో కాఫీ తాగుదామని వచ్చాను.”

అల యొకటి వచ్చి మరలిపోయెను. క్షమింపుమని నేనంటిని. ఆమె నావైపు చూడక, “పిల్లలకు చెప్పేదాన్ని, తప్పెక్కడుందో కనిపెట్టడం సగం లెక్కే అని. మిగిలిన సగం మళ్లీ చేసుకురావడం,” అని లేచి, చీర కుచ్చెళ్లకు అంటిన ఇసుక దులుపుకొనెను. అంతకంటె మెత్తగ నామె చెప్పవలసిన పని లేదు. అంతకంటె కఠినముగ నెవ్వరును నాకు చెప్పియుండలేదు.

ఆదివారము తెల్లవారుజామున నలుగురమును చేయి చేయి పట్టుకొని నీట దిగితిమి. జాలరులు వల లాగుచుండిరి. ఆ లాగుడు పాటకు తగినట్లుగ సూర్యుడు లేచుచున్నట్లు తోచెను. మోకాలిలోతు నీటిలో అరువదేండ్ల ఆడువారు నలుగురు పిల్లలవలె కేకలు పెట్టుచుండ, జాలరి యువతి యొకతె నిలువబడి చూచి నవ్వి పోయెను. ఆ గంటసేపు మాకు వయస్సు లేదు, వంటిల్లు లేదు. స్త్రీలకు సెలవు కావలయునను నా మొదటి మాటను నేనింకను విడువలేదని చదువరులు గ్రహింతురుగాక.

తిరుగుదారిలో బాటవెంట కట్టిన ఫ్లెక్సీలు కనుపించినవి. కార్తికమాసపు ఆదివారము గదా, తోటలలో వనభోజనములు. ఒక్కొక్క ఫ్లెక్సీపై ఒక్కొక్క కులము పేరు. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క తోట. ఉసిరిచెట్టు నీడన నలుగురును కూడి ఒకచోట తినుటకు ఏర్పడిన యాచారము, నలుగురును నాలుగు తోటలకు చీలిపోవుటకు సాధనమైనది. మన తాతలనాటి మూఢత్వమని దీనిని త్రోసివేయుటకు వీలులేదు. ఇది చదువుకొన్నవారు, ఉద్యోగములు చేయువారు, సెల్‌ఫోనులలో పిలుపులు పంపుకొని నడుపుచున్న క్రొత్త యాచారము. బ్యాంకియామెకు అటువంటి పిలుపు ఆ యుదయముననే వచ్చియుండెను: ‘మనవాళ్లందరూ తప్పక రావాలి.’ ఆమె దానిని మాకు చదివి వినిపించి, “మనవాళ్లు ఈ కార్లోనే ఉన్నారు, వాళ్లతోనే వస్తున్నాను అని రాయనా?” అనెను. వ్రాసినదో లేదో నేను చూడలేదు.

పొన్నూరు దాటినతరువాత లెక్కల పంతులమ్మ వైద్యురాలితో, “చుండూరులో కాసేపు ఆపుతారా?” అని యడిగెను.

1991 ఆగస్టు 6వ తేదిని చుండూరులో ఏమి జరిగినదో మా తరమువారికి చెప్పనక్కరలేదు, తరువాతివారికి చెప్పవలసియున్నది. అంతకు ముందు నెలలో సినిమాహాలులో చదువుకొన్న దళిత యువకుని కాలు ముందు కూర్చున్న పెద్దకులము యువకునికి తగిలినదన్న తగవు పెరిగి పెరిగి వెలివేతగ మారినది. ఆ దినమున ఎనమండుగురు దళితులను వెంటాడి చంపి, శవములను గోనెసంచులలో కుక్కి మురుగుకాలువలో పడవేసిరి. విచారణకు ఆ ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానము నేర్పరచిరి. 2007 జూలై 31న అది 21 మందికి యావజ్జీవ శిక్షయు, 35 మందికి ఒక్కొక్క సంవత్సరము శిక్షయు విధించినది. 2014 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము సాక్ష్యము చాలదని వారినందరిని విడిచిపెట్టినది. అంతకు ఆరేండ్ల ముందు, 1985 జూలై 17న, కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన యుదంతము మంచినీళ్ల చెరువుకడ తగవుతో మొదలైనది. ఒకచోట త్రాగు నీరు, ఒకచోట వేడుకకై కూర్చున్న కుర్చీ! ‘మాలపల్లి’ నవల 1922లో పుట్టినది మన గుంటూరు మండలము వాని చేతిలోనే. ‘గబ్బిలము’ వ్రాసినది మన మండలము వాడే. ఆ రెండింటిని చదివినవారి మనుమలకాలమున చుండూరు జరిగినది.

మృతులను పూడ్చిన స్థలమును రక్తక్షేత్రమందురు. అక్కడ నిలిచితిమి. ఎండ తీక్ష్ణముగ నుండెను. ఆమె ఏమియు చెప్పదలచినట్లు లేదు. కారెక్కునప్పుడు మాత్రము నాతో, “ఆ వారం నేను బడికి వచ్చాను. స్టాఫురూములో ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని చూశాను. నువ్వు పరీక్షల టైంటేబుల్ గురించి మాట్లాడావక్కా,” అనెను.

నాకు జ్ఞాపకము లేదు. జ్ఞాపకము లేకపోవుటయే నాకు పెద్ద శిక్షగ తోచినది. మాటాడినవారు మరచిపోయినారు; వినగోరినది దొరకనివారు ముప్పదిమూడేండ్లు జ్ఞాపకముంచుకొన్నారు.

పోవునప్పుడు చుట్టుదారిని పోయితిమి. ఆ దారిలో వరిచేలు, స్తూపము, తాటివనములు. వచ్చునప్పుడు తిన్నని దారిని వచ్చితిమి. ఆ దారిలో చుండూరు. రెండు దారులును సూర్యలంకకే పోవును, రెండును మన సీమలోనివే. అందమైన దారిని చూచి మురిసిన కన్నులకు రెండవదారిని చూడనొల్లమనుటకు హక్కు లేదు.

తెనాలి చేరునప్పటికి సాయంకాలమైనది. మా యింటిముందు కారాగగనే, “లోపలికి రా, కాఫీ తాగి వెళ్దువుగాని,” అని ఆమెను పిలిచితిని. గొంతు వణకెను.

“ఇవాళ వద్దక్కా. వచ్చే ఆదివారం నువ్వే మా ఇంటికి రా. నువ్వెప్పుడూ రాలేదు,” అనెను.

ఆ మాటయు నిజమే. ఆమె రాకపోవుటను ముప్పది యేండ్లు లెక్కించిన నేను, నేను పోకపోవుటను ఒక్కనాడును లెక్కింపలేదు.

ఆ రాత్రి అటకమీది పాతసామానుల పెట్టె దింపి వెదకితిని. గ్లాసు దొరికినది. వసారా పడగొట్టి క్రొత్తగది కట్టించునప్పుడు గూడు పోయినది గాని గ్లాసు పోలేదు. అంచుమీద వ్రేలు పెట్టి త్రిప్పితిని, పగులు తగిలినది. మావారు చూచి, “దాన్నింకా పారేయలేదా?” అనిరి. పారవేయుట సులభమని చెప్పి, సంగతి యంతయు వారికి చెప్పితిని. వారు విని ఊరకుండిరి. వారికిని తెలియును, ఆ యింట తెలియనివారెవ్వరు?

సోదరీమణులారా, అంటరానితనమును 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునేడవ యధికరణమున నిషేధించినది. దానిని పాటించుట నేరమని 1955లో శాసనము చేసిరి. 1989లో అంతకంటె గట్టి శాసనము చేసిరి. ఆ శాసనములు హోటలువరకు వచ్చినవి, చెరువువరకు వచ్చినవి, ఎంతోకొంత పని చేసినవి. వసారా గూటివరకు అవి రాలేదు, రాజాలవు. ఏ పోలీసును వచ్చి మన వంటింటి అరలు వెదకడు. అచ్చటికి పోగలిగినది గృహిణి యొక్కతెయే. మగవారు సభలలో ఉపన్యసించు సంస్కరణమునకు తాళపుచెవి మన కొంగున నున్నది. పనిమనిషికి వేరుగ నుంచిన పళ్లెము, చెత్త తీసుకొనిపోవు వానికి పైనుండి పోసిన నీళ్లు, అద్దెకు వచ్చినవారిని ‘మీరెవరు?’ అని యడుగు నెమ్మదియైన ప్రశ్న — ఇవి మన పెద్దలవని చెప్పుకొనుచున్నాము. పెద్దలు పోయినతరువాత మన చేయి ఏ గూటివైపు పోవునో చూచుకొన్నప్పుడే అవి యెవరివో తెలియును.

మరుసటి ఆదివారము నేను ఆమె యింటికి పోయితిని. చిన్న యిల్లు, ముంగిట మందారము, గోడకు అంబేడ్కరుగారి పటము, దాని క్రింద ఆమె నాయనమ్మ ఛాయాచిత్రము. ఆమె కోడలు కాఫీ తెచ్చి నాచేతికిచ్చెను. తళతళలాడు స్టీలుగ్లాసు, ఇంటిల్లిపాదియు త్రాగునది. నేను తిన్నగ నోటికెత్తుకొని త్రాగితిని. నా వ్రేలు అంచుమీదికి పోలేదు. పోవలసిన యవసరము ఈ యరువదియేడేండ్లలో నాకెన్నడును కలుగలేదు.

ఆమె ఇంకను మా యింటికి రాలేదు. పిలుచుచునే యున్నాను.